ఏం తీయాలి, ఏం వదలాలి: పిల్లల తలలో దిగే గాయాలకు శస్త్రచికిత్స
(స్మారకోపన్యాసం)



గురువుగారి పేరిట జరిగే ఈ ఉపన్యాసాన్ని తెలుగులో ఇవ్వమని, డాక్టర్లు కానివాళ్లకు కూడా పనికొచ్చే విషయం ఎంచుకోమని నిర్వాహకులు కోరారు. నాకు వెంటనే తట్టింది ఇది. పసివాడి తలలోకి పెన్సిలో, ఇనుప చువ్వో, ఫ్యాన్ రెక్కో, కుక్క పన్నో, తూటానో దిగితే ఏం చెయ్యాలి? దీనికి సగం జవాబు ఆపరేషన్ థియేటర్లో ఉంది. మిగతా సగం ఇంట్లో, బడిలో, ఊరి ఆసుపత్రిలో ఉంది. ఆ రెండో సగం తప్పితే మొదటి సగానికి పనే ఉండదు.

గురువుగారి దగ్గర శిక్షణ పొందినవాళ్లకు ఆయన అలవాటు ఒకటి గుర్తుండే ఉంటుంది. స్కాన్ ఫిల్మును వెలుతురుకు పెట్టి "ఏం తీస్తావు?" అని అడిగేవారు కాదు, "ఏం వదిలేస్తావు?" అని అడిగేవారు. ఈ గాయాల విషయంలో అంతకు మించిన ప్రశ్న లేదు. గుచ్చుకున్నదాన్ని బయటికి లాగడం ఈ వైద్యంలో చిన్న భాగం. ఎక్కడ, ఎప్పుడు, ఎంతవరకు తీయాలో తేల్చుకోవడం, తీశాక గట్టిగా మూయడం, మూశాక ఆ పిల్ల పెరిగి పెద్దయ్యేదాకా కనిపెట్టి ఉండటం, ఇవే పెద్ద భాగం. ఇవాళ నేను చెప్పబోయేదంతా దీనికి వివరణే.

సుశ్రుతుడు చెప్పిన మూడు మర్మాలు

ఒంట్లో దిగిన శల్యాన్ని, అంటే బయటి వస్తువును, ఎలా కనిపెట్టాలి, ఎలా తీయాలి అన్నదానికి సుశ్రుత సంహితలో విడిగా అధ్యాయాలున్నాయి. అదే గ్రంథం 107 మర్మాలను, అంటే ఆయువుపట్లను, లెక్కపెట్టి, దెబ్బ తగిలితే కలిగే ఫలితాన్ని బట్టి వాటిని ఐదు తరగతులు చేసింది. అందులో ఒక తరగతిలో ఉన్నవి మూడే మూడు. వాటికి విశల్యఘ్నాలని పేరు. అక్కడ దిగిన శల్యం ఉన్నంతవరకూ మనిషి బతికే ఉంటాడు. పీకితే పోతాడు. గాయం పక్వమై శల్యం దానంతటదే ఊడిపడితే బతకొచ్చు. ఆ మూడూ తలలోనే ఉన్నాయి: చెవుల పైన, జుట్టు అంచున రెండు ఉత్క్షేపాలు, కనుబొమల నడుమ ఒక స్థపని.

ప్రాచీనులకు అన్నీ ముందే తెలుసనే వాదం నాకు లేదు. కానీ గాయపడ్డవాళ్లను దగ్గరుండి చూసినవాడే ఈ మాట రాయగలడు. కణత దగ్గర పుర్రె బాగా పలచన. దాని లోపలివైపు, మెదడును కప్పి ఉండే డ్యూరా అనే గట్టి పొర మీదుగా మిడిల్ మెనింజియల్ ధమని పైకి పాకుతుంది. కనుబొమల నడుమ, ఎముకకు వెనకగా, నెత్తి పొడుగునా సాగే పెద్ద సిర మొదలవుతుంది. ఇలాంటి చోట దిగిన వస్తువు తాను చీల్చిన రక్తనాళానికి తానే అడ్డుగా నిలుస్తుంది. పుర్రె తెరవకుండా దాన్ని లాగేస్తే ఆ నెత్తురును ఆపడానికి మన చేతికి అందేది ఏదీ ఉండదు. శల్యం వదిలేస్తే బతకడం, పీకితే పోవడం వెనక ఉన్న యంత్రాంగం ఇదే.

యుద్ధాలు నేర్పిన పాఠం

ఆధునిక కాలంలో ఈ వైద్యం యుద్ధభూముల్లోనే పెరిగింది. 1917లో, మొదటి ప్రపంచయుద్ధంలో, బెల్జియంలోని ఇప్ర్ యుద్ధరంగం వెనక ఒక గుడారాల ఆసుపత్రిలో అమెరికన్ సర్జన్ హార్వే కుషింగ్ తూటా దెబ్బలకు ఆపరేషన్లు చేశాడు. నెత్తంతా గొరిగించి, స్థానిక మత్తు ఇచ్చి, గాయం చుట్టూ ఎముకను ఒకే ముక్కగా లేపేవాడు. మెత్తని రబ్బరు గొట్టాన్ని తూటా దారిలోకి మెల్లగా పంపి, నలిగిన మెదడును సిరంజితో పీల్చేవాడు. ఆ గొట్టం కొసకు గరగరమని తగిలే ఎముక పలుకుల్ని తడిమి పట్టుకుని తీసేవాడు. చివర నెత్తి చర్మాన్ని పొరలుగా, బిగువుగా కుట్టేవాడు. మూడు నెలల్లో ఆయన దగ్గర మరణాలు నూటికి 54.5 నుంచి 28.8కి తగ్గాయి. యాంటీబయాటిక్కులు లేని రోజుల్లో సాధించిన ఫలితమది.

రెండో ప్రపంచయుద్ధంలో కుషింగ్ శిష్యుడు హ్యూ కెయిర్న్స్ సంచార న్యూరోసర్జరీ దళాలను ఏర్పాటు చేశాడు. 1943లో ఉత్తర ఆఫ్రికాలో గాయాలకు పెన్సిలిన్ వాడి చూసిన బృందంలో ఆయన ఉన్నాడు. అదే యుద్ధంలో అమెరికన్ సైన్యానికి పనిచేసిన డొనాల్డ్ మాట్సన్ తూటా గాయాల మీద 1948లో ఒక పుస్తకం రాశాడు. తర్వాత బోస్టన్ పిల్లల ఆసుపత్రిలో చేరి, ఫ్రాంక్ ఇంగ్రహామ్‌తో కలిసి 1954లో పిల్లల న్యూరోసర్జరీ మీద గ్రంథం వెలువరించాడు. సైనికుడి తల నుంచి పసివాడి తలకు ఈ విద్యను మోసుకొచ్చినవాళ్లలో ఆయన ముఖ్యుడు.

అప్పటి నియమం కఠినమైంది. లోపలికి దూసుకెళ్లిన ఎముక పలుకుల్ని ఒక్కటి కూడా వదలకూడదు, వదిలితే చీము పడుతుంది. కొరియా, వియత్నాం యుద్ధాల్లో ఆపరేషన్ తర్వాత ఎక్స్‌రేలో చిన్న పలుకు కనిపించినా మళ్లీ తల తెరిచేవారు. అలా వెతకడంలో బాగున్న మెదడు ఎంత దెబ్బతినేదో ఎక్స్‌రే చెప్పదు.

1971 అక్టోబరు 1న లండన్‌లోని ఆట్కిన్సన్ మోర్లీ ఆసుపత్రిలో, గాడ్‌ఫ్రీ హౌన్స్‌ఫీల్డ్ కనిపెట్టిన సీటీ యంత్రంలో మొదటి రోగి తలను స్కాన్ చేశారు. ఆ తర్వాత లోపలేముందో తెరవకుండానే చూసే వీలు కలిగింది. 1982 లెబనాన్ యుద్ధంలో ఇజ్రాయెలీ సర్జన్లు, ఇరాన్–ఇరాక్ యుద్ధంలో బిజన్ ఆరాబీ వంటివాళ్లు లోతుగా ఉన్న చిన్న పలుకుల్ని వదిలేసి, రోగుల్ని ఏళ్లపాటు గమనించారు. చీము పట్టడానికి ప్రధాన కారణం లోపల మిగిలిన పలుకు కాదని, గాయం నుంచి మెదడు నీరు కారడమని తేలింది. 2001లో అచ్చయిన అంతర్జాతీయ మార్గదర్శకాలు ఈ అనుభవాన్నే నియమంగా మార్చాయి. సర్జన్ల దృష్టి తీయడం మీద నుంచి మూయడం మీదికి మళ్లింది. దానికి ఎనభై ఏళ్లకు పైగా పట్టింది.

మన ఇళ్లలో, మన వీధుల్లో

తూటాది వేగం వల్ల వచ్చే నష్టం. బరువు రెట్టింపైతే శక్తి రెట్టింపవుతుంది, వేగం రెట్టింపైతే శక్తి నాలుగింతలవుతుంది. తూటా తన దారిని మించి చుట్టూ ఉన్న మెదడును తోసి, చీల్చి, వాచేలా చేస్తుంది. మన పిల్లలకు తగిలేవి ఎక్కువగా నెమ్మది వేగపు గాయాలు. వీటిలో వస్తువు వెళ్లిన దారి మేరకే మెదడు నలుగుతుంది. చుట్టుపక్కల బాగానే ఉంటుంది. పిల్ల ఏడుస్తూ, మాట్లాడుతూనే ఆసుపత్రికి రావచ్చు. అందుకే ఆశ ఎక్కువ. అందుకే ఏమరుపాటూ ఎక్కువ.

మొదటిది పెన్సిల్. దాన్ని పట్టుకుని పరిగెత్తి బోర్లాపడితే మొన పైరెప్ప గుండా పోతుంది. కంటిగూడు పైకప్పు ఎముక పిల్లల్లో కాగితమంత పలచన, దాని పైనే మెదడు ముందుభాగం. రెప్ప మీద చిన్న గాటు, లోపల కనుగుడ్డుకు ఏమీ కాలేదు, చూపు బాగుంది అని కంటిచుక్కలిచ్చి పంపేస్తే, వారం పది రోజులకు జ్వరంతో, మూర్ఛతో తిరిగొస్తారు. బిళ్లంగోడు ఆటలో ఎగిరే బిళ్ల, ఎయిర్‌గన్ పెల్లెట్ కూడా ఈ దారినే వెతుక్కుంటాయి.

రెండోది సీలింగ్ ఫ్యాన్. పెద్దవాళ్లు ముద్దుగా పిల్లను తల మీదికి ఎగరేస్తారు, లేదా పిల్లలే రెండంతస్తుల మంచం మీద నిలబడి గెంతుతారు. తిరిగే ఇనుప రెక్క అంచు తగిలిన చోట నెత్తి చిట్లి, ఎముక సొట్టపడి, దాని ముక్కలు డ్యూరాను చీల్చి మెదడులో దిగుతాయి. వాటితోపాటు వెంట్రుకలు, నూనె, దుమ్ము కూడా లోపలికి పోతాయి.

మూడోది సగం కట్టిన ఇల్లు. పిట్టగోడ లేని డాబా మీద గాలిపటం ఎగరేస్తూ, కింద పిల్లర్ల నుంచి పైకి పొడుచుకొచ్చిన చువ్వల మీద పడటం.

నాలుగోది కుక్కకాటు. నడక నేర్చిన పిల్ల తల వీధికుక్క నోటికి సరిగ్గా అందే ఎత్తులో ఉంటుంది. పన్ను దిగిన చోట నెత్తి మీద గింజంత రంధ్రమే కనిపిస్తుంది. దాని కింద ఎముకకూ రంధ్రం పడి ఉండొచ్చు. రేబిస్ టీకా, గాయంలోకి ఇమ్యూనోగ్లోబ్యులిన్ ఇంజెక్షన్ ఎలాగూ తప్పనిసరి. పసిపిల్ల నెత్తి మీద కాటుకు స్కాన్ కూడా తప్పనిసరి అనుకోవాలి.

పిల్లల తల తీరే వేరు

పది కిలోల పిల్ల ఒంట్లో ఉండే నెత్తురు మొత్తం దాదాపు 800 మిల్లీలీటర్లు. నెత్తి చర్మం నిండా రక్తనాళాలే. టీ గ్లాసు రెండు మూడింతల నెత్తురు తుండుగుడ్డలోకి ఇంకిపోతే, ఆ పిల్ల రక్తంలో నాలుగో వంతు పోయినట్టే. పెద్దవాళ్లలో తలగాయం ఒక్కదానితో షాక్ రావడం అరుదు, పిల్లల్లో అరుదు కాదు. అందుకే మా మొదటి పని తల మీద కాదు, చేతి నరం మీద: సెలైన్ లైను, రక్తం గ్రూపు, క్రాస్‌మ్యాచింగ్.

రెండో తేడా, మాడు పూడని పసికందులో లోపల వాపు పెరిగినా కొంతసేపు పైకి తెలియదు. ఎముకల అతుకులు విచ్చుకుని చోటిస్తాయి. ఆ చోటు అయిపోయాక పరిస్థితి గంటల్లో కాదు, నిమిషాల్లో దిగజారుతుంది. మూడోది, పసివాళ్లలో ఎముక పలచన కాబట్టి పెద్దవాడికి బొప్పి కట్టే దెబ్బ వీళ్లకు లోపలికే దిగుతుంది. నాలుగోది, మెదడు, పుర్రె ఇంకా పెరుగుతున్నాయి. మనం చేసే ప్రతి కుట్టూ, అమర్చే ప్రతి పలకా ఆ పెరుగుదలతో సర్దుకుపోవాలి.

ఆసుపత్రికి చేరేలోపు

ఇక్కడ డాక్టర్లు కానివాళ్లు కొంచెం శ్రద్ధగా వినాలి.

తలలో, కంటిలో, కణతలో ఏదైనా దిగి ఉంటే దాన్ని పీకకూడదు. కదపకూడదు. ఎంత లోతుందో చూద్దామని అటూ ఇటూ ఆడించకూడదు. శుభ్రమైన గుడ్డను చుట్టకుదురులా చుట్టి, వస్తువు చుట్టూ ఆనించి, అది ఊగకుండా కట్టు కట్టాలి. చువ్వ పొడుగ్గా ఉంటే, ఒకరు గట్టిగా పట్టుకుని ఉండగా తలకు బయట ఉన్న చువ్వ భాగాన్ని కట్టరుతో కత్తిరించొచ్చు. తలలోని భాగం కదలకూడదు. నీళ్లు, పాలు, మాత్రలు నోట్లో పొయ్యొద్దు. కాసేపట్లో మత్తు ఇవ్వాల్సి రావచ్చు. కాఫీ పొడి, పసుపు, పేస్టు గాయంలో పెట్టొద్దు, వాటిని ఏరడం పలుకులు ఏరడం కన్నా కష్టం.

ఎవరో తొందరపడి పీకేసి ఉంటే, ఆ వస్తువును పారెయ్యకుండా తీసుకురండి. కొస విరిగి లోపల ఉండిపోయిందో లేదో అది చెబుతుంది. పెన్సిలైతే అదే పెట్టెలోని ఇంకో పెన్సిల్ కూడా తెండి, పక్కపక్కన పెట్టి ఎంత లోపలుందో కొలుస్తాం.

మన దగ్గర 108 సేవ 2005 ఆగస్టు 15న హైదరాబాదులో మొదలైంది. ఆటో కోసం వెతకకుండా ఆ నంబరుకు ఫోన్ చేస్తే పడుకోబెట్టి, ఆక్సిజన్‌తో తీసుకెళ్తారు. ఊరి ఆసుపత్రిలోని డాక్టర్లకు నా మనవి: గాయంలో ఫోర్సెప్స్ పెట్టి వెతకొద్దు. ముక్కు గుండా గొట్టం వెయ్యొద్దు, పుర్రె అడుగు చిట్లి ఉంటే అది మెదడులోకి పోగలదు. ధనుర్వాతం ఇంజెక్షన్, యాంటీబయాటిక్ మొదటి మోతాదు ఇచ్చి, స్పృహ ఎంతుందో, కంటిపాపల కొలత ఎంతో టైముతో సహా కాగితం మీద రాసి పంపండి. ఆ చిన్న కాగితం మాకు స్కాన్‌తో సమానం.

థియేటర్లో

ముందు స్కాన్. ఎముక, లోహం తెల్లగా కనిపిస్తాయి. చెక్క అలా కాదు. మొదటి రోజుల్లో అది గాలిలాగే నల్లగా కనబడి మోసం చేస్తుంది. తిన్నగా, అంచులు నిటారుగా ఉన్న నల్లని గీత కనిపిస్తే గాలి అనుకోవద్దు. పెన్సిలైతే ఆ నల్లని గీత నడుమ గ్రాఫైట్ సన్నని తెల్లని చారలా తేలుతుంది. లోహం ఉందన్న అనుమానం ఏమాత్రం ఉన్నా ఎంఆర్ఐ చెయ్యకూడదు. అయస్కాంతం దాన్ని లోపలే కదపగలదు. వస్తువు దారి పెద్ద రక్తనాళాల పక్కగా పోతే రక్తనాళాల స్కాన్ కూడా చెయ్యాలి.

నాలుగేళ్ల పిల్ల పైరెప్పలో పెన్సిల్ ఉందనుకుందాం. మత్తు ఇచ్చేటప్పుడు మాస్కు దానికి తగలకుండా అనస్థీషియా డాక్టరు చేతిని వంచి పట్టుకుంటారు. రక్తం సీసాలు గదిలోకి వచ్చాకే కత్తి పడుతుంది. జుట్టు లోపల, ఒక చెవి నుంచి రెండో చెవి దాకా కోత పెట్టి నెత్తి చర్మాన్ని ముందుకు మడుస్తాం. ఎముక పైన ఉండే పల్చని పొరను విడిగా, చిరక్కుండా లేపి తడిగుడ్డలో దాస్తాం, దానితో తర్వాత పనుంది. నుదుటి ఎముకను పలకలా తీసి, మెదడు ముందుభాగాన్ని మెల్లగా పైకెత్తితే, కంటిగూడు పైకప్పు లోంచి పొడుచుకొచ్చిన పెన్సిల్ మొన కనిపిస్తుంది. దాని చుట్టూ ఉన్న రక్తనాళాలను చూసి, నెత్తురొస్తే ఆపే ఏర్పాటు చేతిలో పెట్టుకుని, అప్పుడు బయట ఉన్నవారితో లాగమంటాం. ఏ దారిన వచ్చిందో ఆ దారినే, తిప్పకుండా, ఊపకుండా. లాగడానికి పట్టేది కొన్ని సెకన్లు. దానికి ముందు రెండు గంటలు, తర్వాత రెండు గంటలు పడుతుంది. ఆ తర్వాతి రెండు గంటల్లోనే అసలు ఆపరేషన్ ఉంది.

ఏది తీయాలి, ఏది వదలాలి

చెక్క ముక్కలు తీయాలి. అవి నీరు పీల్చి, చివికి, చీమును పోషిస్తాయి. వెంట్రుకలు, మట్టి, గుడ్డపీలికలు, చనిపోయి గుజ్జయిన మెదడు, అందేంత దూరంలో ఉన్న ఎముక పలుకులు తీయాలి. నెత్తురు గడ్డ మెదడును నొక్కుతుంటే తీయాలి. మెదడు గదుల్లోని నీటిలో కదిలే లోహపు ముక్కను, రాగి ముక్కను తీయాలి. రాగి చుట్టూ ఉన్న కణాలను చంపుతుంది.

లోతున, మాటకో చూపుకో నడకకో కేంద్రమైన చోటికి అవతల ఉన్న మినపగింజంత పెల్లెట్‌ను, ఎముక పలుకును వదిలేయాలి. దాన్ని చేరడానికి మనం తవ్వే దారి, అది వచ్చిన దారి కన్నా ఎక్కువ నష్టం చేస్తుంది. దీనికి విచిత్రమైన సాక్ష్యం ఒకటుంది. పుట్టిన కొద్ది రోజులకే మాడు గుండా ఎవరో గుచ్చిన కుట్టుసూది, ఆ పిల్ల పెద్దదై వేరే కారణానికి ఎక్స్‌రే తీయించుకున్నప్పుడు బయటపడిన సందర్భాలు ఇరాన్, టర్కీ దేశాల వైద్య పత్రికల్లో నమోదయ్యాయి. అక్కరలేని పిల్లను వదిలించుకోవాలని చేసిన ఘాతుకాలవి. దశాబ్దాల పాటు కదలకుండా ఉన్న ఆ సూదుల్లో చాలావాటిని, ఏ బాధా లేకపోతే, సర్జన్లు ముట్టుకోలేదు. 

మూయడం

డ్యూరాను నీరు కూడా కారనంత గట్టిగా మూయాలి. చిరుగు పెద్దదైతే, ముందు దాచిన ఎముక పైపొరను అతుకుగా వేసి కుట్టాలి. బయటి నుంచి తెచ్చిన ఏ అతుకు కన్నా పిల్ల సొంత పొరే మేలు. ఇక్కడ అశ్రద్ధ చేస్తే దాదాపు పిల్లల్లోనే వచ్చే ఒక ముప్పుంది. ఎక్కువగా మూడేళ్ల లోపు పిల్లల్లో, చిరిగిన డ్యూరా సందులోంచి పెరిగే మెదడు కొట్టుకుంటూ బయటికి తోస్తుంది. విరిగిన ఎముక అతుక్కునే బదులు అంచులు కరిగి, పగులు నెలనెలా వెడల్పవుతుంది. తల్లి తల దువ్వుతుంటే మెత్తని ఉబ్బు చేతికి తగులుతుంది. ఇంగ్లండు సర్జన్ జాన్ హౌషిప్ 1816లోనే ఇలాంటి కేసును వర్ణించాడు. పెరిగే పగులు అని మేం పిలిచే దీనికి రెండో ఆపరేషన్ మొదటిదానికన్నా పెద్దది, ఎందుకంటే డ్యూరా అంచులు ఎముక అంచులకన్నా దూరంగా వెనక్కి ముడుచుకుపోయి ఉంటాయి.

ఎముక ముక్కల విషయంలోనూ ఆలోచన మారింది. మాసిన గాయంలోని ముక్కల్ని పారెయ్యాలని ఒకప్పుడు అనేవారు. తొందరగా ఆసుపత్రికి చేరిన గాయమైతే, పిల్లల్లో ఆ ముక్కల్ని బాగా కడిగి తిరిగి అమర్చవచ్చని తేలింది. సొంత ఎముక తలతోపాటు పెరుగుతుంది. టైటానియం పలక పెరగదు. పుర్రెను రెండు పొరలుగా చీల్చి ఒక పొరను వాడుకునే పద్ధతికి నాలుగైదేళ్ల లోపు పిల్లల్లో ఎముక మందం చాలదు. కాబట్టి చిన్నపిల్లల్లో ప్రతి ఎముక ముక్కకూ విలువుంది.

మెదడు బాగా వాచి ఉంటే ఎముకను వెంటనే పెట్టకూడదు. దీనికి లోకమంతా ఎరిగిన ఉదాహరణ మలాలా యూసఫ్‌జాయ్. 2012 అక్టోబరు 9న పాకిస్తాన్‌లోని స్వాత్‌లో బడి వ్యాన్‌లో ఉండగా ఆమెను కాల్చారు. అప్పటికామెకు 15 ఏళ్లు. తూటా ఎడమ కనుబొమ పక్క నుంచి చర్మం కిందుగా జారి భుజం వైపు పోయింది, మెదడును చీల్చుకుని పోలేదు. అయినా ఆ తాకిడికే మెదడు వాచింది. ఆ రాత్రి పెషావర్ సైనిక ఆసుపత్రిలో కల్నల్ జునైద్ ఖాన్ ఆమె పుర్రెలో ఒక భాగం తీసి, వాపుకు చోటిచ్చి, నెత్తురు గడ్డల్ని తొలగించి, ఆ ఎముకను ఆమె పొట్ట చర్మం కింద దాచారు. అక్టోబరు 15న బర్మింగ్‌హామ్‌కు తరలించారు. నవంబరులో ముఖం నరాన్ని సరిచేశారు. 2013 ఫిబ్రవరి 2న పుర్రె లోటును టైటానియం పలకతో పూడ్చి, ఎడమ చెవికి కాక్లియర్ ఇంప్లాంట్ అమర్చారు. పదిహేనేళ్ల తల పెద్దవాళ్ల తలంత ఎదిగి ఉంటుంది కాబట్టి లోహపు పలక సరిపోయింది. మూడేళ్ల పిల్లకైతే అది చివరి దారి. ఆ కథలో ప్రాణం నిలిపింది వాపు ముంచుకొచ్చే లోపు తీసుకున్న ఒక రాత్రి నిర్ణయం. ఆ రాత్రికి దగ్గరలో న్యూరోసర్జన్ ఉండటం.

ఇంటికి వెళ్లాక

కుట్లు మానితే వైద్యం అయిపోయిందని ఇంట్లోవాళ్లు అనుకుంటారు. అవదు. మూర్ఛ మందు మొదటి వారం రోజులు ఇస్తాం. ఆ తొలివారం మూర్ఛల్ని అది ఆపుతుందని, తర్వాత ఎప్పుడో వచ్చే మూర్ఛరోగాన్ని ఆపలేదని 1990లో అచ్చయిన సియాటిల్ పరిశోధన తేల్చింది. వియత్నాంలో తల లోపల గాయమైన అమెరికన్ సైనికుల్ని 15 ఏళ్లు గమనిస్తే సగానికి పైగా మందికి మూర్ఛ వచ్చింది. కాబట్టి ఏడాది తర్వాత వచ్చిన మూర్ఛను గాలి, ధూళి అనుకోకుండా మా దగ్గరికి రావాలి. దెబ్బతిన్న రక్తనాళం గోడ రెండు మూడు వారాలకు బుడగలా ఉబ్బి పగలొచ్చు. మొదటి స్కాన్ బాగుందన్నది రెండో స్కాన్ మానెయ్యడానికి కారణం కాదు.

అన్నిటికన్నా కనిపించనిది నుదుటి వెనక గాయం. నాలుగేళ్లప్పుడు ఆడుతూ పాడుతూ ఉన్న పిల్ల, తొమ్మిదేళ్లకు లెక్కల్లో వెనకబడుతుంది, కుదురుగా కూర్చోలేదు, చిన్నదానికి కోపం తెచ్చుకుంటుంది. ఆ వయసులో పనికి రావాల్సిన మెదడు భాగం ఐదేళ్ల కిందటే దెబ్బతిని ఉంది. బడిలో మొద్దు అంటారు, ఇంట్లో మొండి అంటారు. పాత గాయం సంగతి ఎవరికీ గుర్తుండదు. 2016 వికలాంగుల హక్కుల చట్టం ఇలాంటి పిల్లలకు చదువులో వెసులుబాట్లు కల్పించింది. డాక్టరు రాసిచ్చిన కాగితం లేకపోతే అవి దక్కవు.

మూడు మనవులు

ఇళ్లు కట్టేవాళ్లకు: పొడుచుకొచ్చిన చువ్వల కొసలు వంచండి, లేదా మూతలు తొడగండి. డాబాకు పిట్టగోడ కట్టాకే పిల్లల్ని పైకి వెళ్లనివ్వండి. రెండంతస్తుల మంచం వేసిన గదిలో సీలింగ్ ఫ్యాన్ బిగించకండి.

ప్రభుత్వానికి: 2007లో మొదలైన ఆరోగ్యశ్రీ పేదింటి పిల్లల్ని థియేటర్ దాకా తెచ్చింది. ఆ తర్వాతి ఫిజియోథెరపీ, మాట నేర్పే వైద్యం, బడికి తిరిగి చేర్చడం కూడా ఆపరేషన్‌లో భాగమేనని గుర్తించి డబ్బు కేటాయించాలి. ప్రతి జిల్లా ఆసుపత్రిలో స్కాన్‌తోపాటు రాత్రివేళ దాన్ని చదివే మనిషి ఉండాలి.

మూడోది మా వాళ్లకు, ముఖ్యంగా పీజీ విద్యార్థులకు. పిల్లను ఇంటికి పంపేటప్పుడు డిశ్చార్జి కాగితం మీద ఏం తీశామో రాస్తాం. ఏం వదిలేశామో, ఎక్కడ వదిలేశామో, అది ఏ లోహమో కూడా రాయండి. రేపు ఎవరైనా ఆ పిల్లకు ఎంఆర్ఐ చేసే ముందు ఆ ఒక్క వాక్యమే ఆమెను కాపాడుతుంది. దాని కింద, బడిలో చేరే ఏడు, పదేళ్లు నిండే ఏడు, పదో తరగతికి వచ్చే ఏడు మళ్లీ తీసుకురావాలని తల్లికి అర్థమయ్యేలా తెలుగులో రాసి, చదివి వినిపించి, అప్పుడు సంతకం పెట్టండి.